సైలెంట్ సర్వీస్: ఏడు మీటలూ వేసి టార్పెడో తగిలించడం ఎలా

మైక్రోప్రోజ్ సంస్థ 1985లో విడుదల చేసిన సైలెంట్ సర్వీస్‌ను రూపొందించింది సిడ్ మైయర్. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రం మీద జపాన్ సరుకు నౌకల్ని వేటాడిన అమెరికన్ జలాంతర్గామికి మీరే కెప్టెన్. నాలుగు రంగుల బొమ్మలు చూసి పిల్లల ఆట అనుకుంటే పొరపాటు. కష్టాన్ని పెంచే మీటలు ఇందులో ఏడున్నాయి. అన్నీ ఆపి ఆడితే ఎవరైనా గెలుస్తారు. ఏడూ వేస్తే, అందులోనూ ఎదుటి ఓడ కోణం మీరే చెప్పాల్సిన చివరి మీట వేస్తే, మొదటి గస్తీలో 24 టార్పెడోలూ నీళ్లపాలు కావడం మామూలే. ఆ మీట వేసుకుని కూడా కొట్టగలగడం ఎలాగో ఇక్కడ చూద్దాం.

ముందు ఆట నడవాలి

మొదటి, రెండో భాగాలు కలిపి గాగ్, స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణాల్లో డాస్ (విండోస్‌కు ముందటి పీసీ వ్యవస్థ) రూపంలోనే అమ్మకానికి వచ్చాయి. అలా కొన్నవాళ్లకు అమరిక పని తక్కువ. పాత డిస్కు నుంచి తీసుకున్న ఫైళ్లు మీ దగ్గరుంటే, పాత డాస్ ఆటల్ని నేటి కంప్యూటర్లో నడిపే డాస్‌బాక్స్ పెట్టుకోవాలి. ఆట ఫోల్డరు పేరు ఇంగ్లిష్‌లో, ఎనిమిది అక్షరాల లోపు, ఖాళీ లేకుండా ఉండాలి. పొడుగు పేరు పెడితే డాస్‌బాక్స్ దాన్ని కత్తిరించి చూపిస్తుంది, మీరు టైప్ చేసిన పేరు దొరకదంటుంది. మౌంట్ చేసేటప్పుడు, అంటే డాస్‌బాక్స్‌కు ఫోల్డరు చూపించేటప్పుడు, ఆటల ఫోల్డరు ఒక్కటే ఇవ్వండి. సీ డ్రైవ్ మొత్తాన్ని అప్పగించవద్దు.

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది వేగం. డాస్‌బాక్స్ తనంతట తాను ఎంచుకునే వేగం ఇలాంటి పాత ప్రోగ్రాములకు 3000 సైకిల్స్. ఆ కాలపు 8088 ప్రాసెసరుకు 300 దగ్గర సరిపోతుంది. పదింతలు ఇచ్చినప్పుడు ఒక్క తాకుడుకు పెరిస్కోప్ గిర్రున తిరిగిపోతే నింద ఆట మీద వేయకండి. అమరికల ఫైల్లో సైకిల్స్ వరుసలో ఫిక్స్‌డ్ 300 అని రాసి మొదలుపెట్టండి. ఆట నడుస్తుండగా కంట్రోల్, ఎఫ్ 11 కలిపి నొక్కితే వేగం తగ్గుతుంది. కంట్రోల్, ఎఫ్ 12 కలిపితే పెరుగుతుంది. ఎంతలో ఉన్నదీ కిటికీ పైపట్టీలో కనిపిస్తుంది. చాలా ల్యాప్‌టాపుల్లో ఎఫ్ఎన్ మీట కూడా కలిపి నొక్కాలి. రంగులు తేడాగా ఉంటే మెషీన్ వరుసలో సీజీఏ అని పెట్టి చూడండి. గేమ్‌ప్యాడ్ తగిలించి ఉంటే పెరిస్కోప్ తనంతట తానే ఒక పక్కకు జారిపోవచ్చు. దాన్ని పీకేయండి, లేదా జాయ్‌స్టిక్ వరుసలో నన్ అని రాయండి.

కామడోర్ 64, ఆపిల్, అటారీ, ఐబీఎం పీసీ రూపాల్లో ఒక్కోదానికి ఒక్కో కీబోర్డు మీటల వరుస. అందుకే కీబోర్డులో ఏ మీట నొక్కాలన్నది మీ రూపానికి వచ్చిన మాన్యువల్లోనే చూసుకోండి. ఈ ఆటకు మాన్యువల్ సగం ప్రాణం. అది పక్కన లేకుండా కూర్చోవద్దు.

ఏడు మీటలు, వేయాల్సిన వరుస

ఆట చూపించే వరుస ఇది: పరిమిత దృశ్యం, కాన్వాయ్ (కాపలాతో కలిసి పోయే ఓడల గుంపు) వంకరటింకర నడక, పేలని టార్పెడోలు, మరమ్మతు రేవులోనే, ఆరితేరిన డిస్ట్రాయర్లు (జలాంతర్గాముల్ని వేటాడే కాపలా యుద్ధనౌకలు), కాన్వాయ్‌ను వెతుక్కోవడం, అణియపు కోణం మనమే ఇవ్వడం. గోదావరి పడవల వాళ్లు ముందు భాగాన్ని అణియమనీ వెనక భాగాన్ని అమరమనీ అంటారు. యాంగిల్ ఆన్ ద బో అనే దానికి ఇంతకన్నా తేలికైన మాట లేదు కాబట్టి ఇక్కడ అదే వాడుతున్నాం.

నేర్చుకునేవాళ్లు చివరిదాంతోనే మొదలుపెట్టాలి. చాలామంది దాన్ని ఆఖరికి వాయిదా వేస్తారు. ఈలోపు కంప్యూటర్ కోణం అందిస్తుంటే కాల్చడం అలవాటైపోతుంది, ఆ అలవాటు వదలడం కష్టం. మిగతా ఆరూ ఆపి, ఇదొక్కటే వేసి పది ఓడల్ని ముంచండి. తర్వాత వంకర నడక కలపండి, ఆ పైన పరిమిత దృశ్యం. అది ఆపి ఉంటే పటం మీద ఓడలన్నీ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి, జలాంతర్గామి యుద్ధంలోని గుట్టంతా రట్టవుతుంది. ఆరితేరిన డిస్ట్రాయర్లను నాలుగోదిగా చేర్చండి. పేలని టార్పెడోలు, రేవు మరమ్మతు చివరన పెట్టుకోవచ్చు. అవి నైపుణ్యం కన్నా అదృష్టాన్నీ ఓర్పునీ పరీక్షిస్తాయి. వెతుకులాట మీట ఓపికకు పరీక్ష, అంతే.

అసలు సాధనకు మిడ్వే దీవి దగ్గరి శిక్షణ ఉంది. అక్కడ పాత సరుకు ఓడలు లంగరేసి నిలబడి ఉంటాయి. కదలని ఓడకు ముందుగురి, అంటే ఓడ చేరబోయే చోటికి ముందే గురిపెట్టడం, అక్కర్లేదు కాబట్టి కోణం తప్పినా దెబ్బ తగులుతుంది. అందుకే అక్కడ కోణం గురించి ఏమీ నేర్చుకోలేరు. పెరిస్కోప్ తిప్పడం, టార్పెడో వదిలే గొట్టం ఎంచుకోవడం, ముందు గొట్టాలకూ వెనక గొట్టాలకూ తేడా చేతికి అలవాటు చేసుకోవడానికి ఓ అరగంట చాలు. తర్వాత కాన్వాయ్ దాడులకు వెళ్లిపోండి.

అణియపు కోణం అంటే ఏమిటి

మీరు ఆ ఓడ ముందు కొన మీద నిలబడ్డారనుకోండి. ఓడ వెళ్తున్న దిక్కుకూ, మీ జలాంతర్గామి ఉన్న దిక్కుకూ మధ్య ఉన్న కోణమే ఇది. ఓడ నేరుగా మీ మీదికే వస్తుంటే 0. పక్క మొత్తం మీకు చూపిస్తూ అడ్డంగా పోతుంటే 90. వెనక భాగం మీ వైపు పెట్టి పోతుంటే 180. దానికి ఎడమ, కుడి కలపాలి. ఇక్కడే తికమక. ఎడమ కుడులు ఓడవి, మీవి కావు. గుర్తు మాత్రం తేలిక: పెరిస్కోప్‌లో ఓడ అణియం మీ ఎడమ చేతి వైపు ఉంటే మీకు కనిపిస్తున్నది దాని ఎడమ పక్కే.

కోణం తెలిస్తే మిగతా లెక్క టీడీసీ చేసుకుంటుంది. టార్పెడో డేటా కంప్యూటర్ అనే ఆ యంత్రం నిజం జలాంతర్గాముల్లోనూ ఉండేది, పళ్లచక్రాలతో నడిచేది. ఓడ వేగాన్ని టార్పెడో వేగంతో భాగించి, దాన్ని అణియపు కోణపు సైన్‌తో గుణిస్తే ముందుగురి కోణపు సైన్ వస్తుంది. యుద్ధకాలంలో ఎక్కువగా వాడిన మార్క్ 14 టార్పెడో వేగం 46 నాట్లు (నాటు అంటే గంటకు ఒక సముద్ర మైలు). దానితో 10 నాట్ల ఓడను కొట్టాలంటే 30 డిగ్రీల కోణానికి దాదాపు 6 డిగ్రీలు, 60కి 11, 90కి పన్నెండున్నర డిగ్రీలు ముందుకు గురిపెట్టాలి. ఓడ వేగం 15 నాట్లయితే అవి వరుసగా తొమ్మిదిన్నర, పదహారున్నర, 19 అవుతాయి.

ఈ అంకెల్లో ఒక కిటుకుంది. 90 దగ్గర కోణాన్ని 15 డిగ్రీలు తప్పు చెప్పారనుకుందాం, అంటే 75 అన్నారు. 10 నాట్ల ఓడకు ముందుగురి అర డిగ్రీ కూడా మారదు. 1500 గజాల దూరంలో అది 12 గజాల తేడా. 400 అడుగుల ఓడ అంటే 133 గజాలు, కాబట్టి మధ్యకు గురిపెట్టిన టార్పెడో ఎక్కడో ఓ చోట తగులుతుంది. అదే 15 డిగ్రీల పొరపాటు 30 దగ్గర చేసి 45 అని చెబితే ముందుగురి రెండున్నర డిగ్రీలకు పైగా మారుతుంది. 1500 గజాల దగ్గర 68 గజాలు. పైగా 30 డిగ్రీల నుంచి చూస్తే ఆ ఓడ వెడల్పు మీకు సగమే, 67 గజాలే కనిపిస్తుంది. మధ్య నుంచి అంచుకు 33. టార్పెడో ఓడ పక్కనుంచి సాగిపోతుంది.

కాబట్టి కోణాన్ని బాగా అంచనా వేయడం కన్నా, కోణం తప్పినా ఫర్వాలేని చోటు చేరడం ముఖ్యం. ఓడ 70, 110 డిగ్రీల మధ్యకు వచ్చేదాకా చెయ్యి బిగబట్టండి. కనిపించగానే కాల్చేవాళ్లకు టార్పెడోలు ఖర్చవుతాయి, ఓడలు మునగవు.

కోణం చెప్పడానికి రెండు దారులు

మొదటిది కంటితో. ఆ రకం ఓడ పక్కనుంచి పూర్తిగా కనిపిస్తే పొడవు, స్తంభం ఎత్తుకు ఎన్ని రెట్లుంటుందో మాన్యువల్ బొమ్మలో చూసి పెట్టుకోండి. పెరిస్కోప్‌లో ఆ పొడవు సగానికి తగ్గి కనిపిస్తే కోణం 30. పదింట ఏడు పాళ్లుంటే 45. తొమ్మిది పాళ్లకు కాస్త తక్కువగా ఉంటే 60. పూర్తిగా ఉంటే 90. ఈ పద్ధతిలో ఒక గుంట ఉంది: 30 డిగ్రీలకు ఎంత పొడవు కనిపిస్తుందో 150కి కూడా అంతే. ఓడ వస్తోందా పోతోందా అని దూరం అంకె చూసి తేల్చుకోవాలి. దూరం తగ్గుతుంటే 90 లోపు.

రెండోది పటంతో. ఇదే నమ్మదగ్గది. ఆట గడియారం చూసి ఓడ ఉన్న చోటు గుర్తుపెట్టుకోండి, మూడు నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. రెండు చోట్లనూ కలిపితే దాని దిశ వచ్చినట్టే. వేగం కూడా అందులోనే ఉంది: మూడు నిమిషాల్లో ఎన్ని గజాలు కదిలిందో దాన్ని వందతో భాగిస్తే నాట్లు. 900 గజాలు కదిలితే 9 నాట్లు. నాటు అంటే గంటకు 2025 గజాలు కాబట్టి మూడు నిమిషాలకు 101 గజాలు. అందుకే ఈ సూత్రం ఇంత చక్కగా కుదిరింది. మూడు నిమిషాలు కొలవాల్సింది ఆట గడియారంతో. మీ చేతి గడియారంతో కొలిస్తే, ఆట కాలం వేగంగా నడుస్తున్నప్పుడు అంతా తలకిందులవుతుంది.

ఇప్పుడు కోణం. ఓడ మీకు ఏ దిక్కున ఉందో ఆ అంకెకు 180 కలపండి, 360 దాటితే తీసేయండి. అందులోంచి ఓడ నడుస్తున్న దిశను తీసేయండి. ఉదాహరణకు ఓడ మీకు 40 డిగ్రీల దిక్కున ఉంది, 270కి, అంటే పడమటికి, పోతోంది. 40కి 180 కలిపితే 220. అందులోంచి 270 పోతే మైనస్ 50. మైనస్ అంటే ఎడమ. కాబట్టి ఎడమ 50. ప్లస్ వస్తే కుడి. జవాబు 180 దాటితే 360 సవరించి లోపలికి తెచ్చుకోండి.

వంకర నడక మీట వేసి ఉన్నప్పుడు ఈ లెక్క ఎప్పుడు పాతబడుతుందో చెప్పలేం. కాన్వాయ్ ఒకసారి తిరిగిన వెంటనే కొత్త దిశ కొలిచి, మళ్లీ తిరిగేలోపు కాల్చేయండి. ఎదురుచూస్తే చేసిన లెక్కంతా గంగలో కలుస్తుంది.

ముందుకు చేరడం

నీళ్ల కింద జలాంతర్గామి నత్త. నాటి అమెరికన్ గాటో తరగతి జలాంతర్గామి నీళ్లపైన 20 నాట్లు దాటేది, నీళ్ల కింద 9కి మించేది కాదు. ఆ 9 కూడా బ్యాటరీని గంట లోపే తాగేస్తుంది. రెండు నాట్లతో అయితే 48 గంటలు లోపల ఉండగలదు. కాబట్టి ఓడల వెంట నీళ్ల కింద పరుగెత్తడం దండగ. వాటి కంటికి ఆనకుండా దూరంగా తేలండి, పక్కనుంచి చుట్టూ తిరిగి వాటి దారికి ముందుకు పోయి, అక్కడ మునగండి. 9 నాట్ల కాన్వాయ్‌కి పక్కన సరిగ్గా సమానంగా ఉన్నారనుకుంటే, 20 నాట్లతో పోతే గంటలో 11 సముద్ర మైళ్లు ముందుంటారు. తర్వాత అవే మీ దగ్గరికి వస్తాయి.

మునిగాక మీ అణియం కాన్వాయ్ దారికి అడ్డంగా చూసేలా తిప్పుకోండి. ఓడల దారికీ మీకూ 1000 నుంచి 1500 గజాల ఎడం ఉంటే అవి మీ ముందుకు వచ్చేసరికి కోణం 90 అయి, టార్పెడో దాదాపు తిన్నగా పోతుంది. వేగం 2, 3 నాట్లు దాటనివ్వకండి. పెరిస్కోప్ పైకెత్తి పట్టుకుని కూర్చోవద్దు. చూసి, దించి, మళ్లీ చూడండి.

కాల్చడం

కాల్చే ముందు ఆట కాలాన్ని మామూలు వేగానికి తెచ్చుకోండి. తొందరలో మరిచిపోయేది ఇదే.

మార్క్ 14 నిమిషానికి దాదాపు 1550 గజాలు పోతుంది. 1500 గజాల ఓడను చేరడానికి 58 సెకన్లు. వేగంలో ఒక నాటు పొరపాటు పడితే ఆ లోపు 33 గజాలు తేడా వస్తుంది, ఫర్వాలేదు. 3000 గజాల నుంచి కాలిస్తే అదే ఒక్క నాటు 65 గజాలై మధ్యకు పెట్టిన గురి ఓడ అంచుకు చేరుతుంది. 2 నాట్లు తప్పితే ఇక చెప్పేదేముంది. 4500 గజాలు మార్క్ 14 హద్దు అని పుస్తకంలో ఉంది కదా అని ఆ దూరం నుంచి కాల్చేవాళ్లు ఈ లెక్క చూడాలి.

ఒక పెద్ద ఓడకు మూడు టార్పెడోలు. పెరిస్కోప్‌లోని నిలువు గీతను ఓడ మధ్యకు తెచ్చి ఒకటి, అణియానికి తెచ్చి ఒకటి, అమరానికి తెచ్చి ఒకటి. చిన్న ఓడకు రెండు చాలు. ముందు ఆరు గొట్టాలు, వెనక నాలుగు. ముందువన్నీ ఒకే ఓడ మీద పోయకుండా మూడు మూడుగా రెండు ఓడలకు పంచి, తిరిగి పారిపోయేటప్పుడు వెంటపడే డిస్ట్రాయర్ కోసం వెనక నాలుగూ దాచుకోండి.

టార్పెడో పేలని మీట వేస్తే ఆవేశపడకండి, చరిత్రలో అంతకన్నా ఘోరం జరిగింది. మార్క్ 14 పెట్టిన లోతు కన్నా పదడుగులకు పైగా కిందికి పోయేదని 1942 జూన్‌లో ఆస్ట్రేలియాలోని ఆల్బనీ దగ్గర వల కట్టి, దానిలోకి కాల్చి తేల్చారు. అయస్కాంత పేలుడు యంత్రం ముందే పేలిపోయేది; 1943 జూన్‌లో అమెరికా పసిఫిక్ నౌకాదళ అధిపతి నిమిట్జ్ దాన్ని ఆపించాడు. ఆ తర్వాత మూడో లోపం బయటపడింది. 1943 జూలైలో టినోసా అనే జలాంతర్గామి టోనాన్ మారు 3 అనే ఓడ మీద 15 టార్పెడోలు వేస్తే, నిలబడిపోయిన ఓడకు తగిలినవి కూడా వరసగా పేలలేదు. ఓడ పక్కకు నిటారుగా, అంటే సరిగ్గా 90కి తగిలితే లోపలి సూది నలిగి పేలేది కాదు. ఏటవాలుగా తగిలితేనే పేలేది. ఆ సంవత్సరం చివర్లో సరిచేశారు. అంటే నాటి కెప్టెన్లకు గురి బాగా కుదరడమే శిక్ష అయింది! ఆటలో దీన్ని పాచికలాటగా లెక్కేసుకుని ఓడకు ఒక టార్పెడో అదనంగా పెట్టుకోండి.

విద్యుత్ టార్పెడో మార్క్ 18 దొరికితే దాని గుణం వేరు. బుడగల చాలు ఉండదు కాబట్టి డిస్ట్రాయర్‌కు మీరున్న చోటు తెలియదు. కానీ వేగం 29 నాట్లే. 1500 గజాలకు నిమిషంన్నర పడుతుంది, 10 నాట్ల ఓడకు ముందుగురి 20 డిగ్రీలకు పెరుగుతుంది. అందుకని దీన్ని 1000 గజాల దగ్గరే వాడండి.

డిస్ట్రాయర్ వచ్చినప్పుడు

కాల్చిన వెంటనే టార్పెడో వెళ్లిన దారి నుంచి పక్కకు తిరిగి లోతుకు దిగండి. నీటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడే పొర కిందికి చేరితే నీళ్లలో శబ్దంతో వెతికే సోనార్ శబ్దం వంగి మీకు తగలకుండా పోతుంది. వేగం 2 నాట్లు. డిస్ట్రాయర్‌కు పక్క చూపించవద్దు. అణియమో అమరమో చూపిస్తే సోనార్‌కు దొరికే మేర తగ్గుతుంది. అది సరిగ్గా మీ నెత్తిమీదికి వచ్చే చివరి కొన్ని వందల గజాల్లో దాని సోనార్‌కు మీరు కనిపించరు. ఆ క్షణంలో మాత్రం పూర్తి వేగం, పూర్తి మలుపు. డెప్త్ చార్జీలు (నీళ్లలోకి వదిలే బాంబులు) పేలే గోలలో మీ మోటారు శబ్దం కలిసిపోతుంది. గోల ఆగగానే మళ్లీ 2 నాట్లు. చాలామంది ఈ చివరి అడుగు మరిచి, పూర్తి వేగంలోనే ఉండిపోయి దొరికిపోతారు. చెత్త వదిలి మునిగిపోయినట్టు నటించే మీట ఉంది. నిజంగా దెబ్బ తిన్నాక వదిలితేనే నమ్మకం కలుగుతుంది. అత్యవసర ట్యాంకులు ఖాళీ చేయడం ప్రాణం మీదికి వచ్చినప్పుడే.

ఎదురుతిరగక తప్పకపోతే ముఖాముఖి దెబ్బ ఒకటుంది. డిస్ట్రాయర్ నేరుగా మీ మీదికి వస్తుంటే కోణం 0, ముందుగురి 0. లెక్క ఏమీ లేదు, గుండె ధైర్యమే. అది 30 నాట్లతో, టార్పెడో 46తో ఎదురెదురుగా వస్తే 1200 గజాలు 28 సెకన్లలో కలిసిపోతాయి. నిజం మార్క్ 14 సుమారు 450 గజాలు పోతే గాని పేలడానికి సిద్ధమయ్యేది కాదు. ఆ లెక్కన డిస్ట్రాయర్ 750 గజాల లోపుకు వచ్చాక కాల్చి లాభం లేదు. 1200 దగ్గర రెండు వదిలి, దిగిపోండి. తగిలిందో లేదో చూద్దామని పెరిస్కోప్ దగ్గరే ఉండకండి.

డెక్ మీది ఫిరంగి ఒంటరి చిన్న ఓడలకే. కాన్వాయ్ దగ్గర తేలి ఫిరంగి వాడితే ఒక్క గుండు తగిలినా నీళ్లలో దిగలేరు. రేవు మరమ్మతు మీట వేసి ఉంటే గస్తీ అక్కడితో సరి.

గొట్టాల అమరిక కళ్లారా చూడాలనుకునేవాళ్లకు విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా ఉంది. అది సోవియట్ తయారీ ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి, అయినా ముందు ఆరు, వెనక నాలుగు గొట్టాలే. 1971 డిసెంబరులో ఆ తీరానికి దగ్గర్లోనే మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మాత్రం ఈ ఆటలోని వంశానిదే: 1945లో అమెరికా నౌకాదళంలో డయాబ్లో పేరుతో చేరిన టెంచ్ తరగతి నౌక, గాటో, బలావో తరగతుల తర్వాత వచ్చినది.